మండ్రగబ్బ వీపు చూసినవాళ్ళు

మా బావంత నెమ్మదస్తుడు మా వీధిలోనే లేడు. పరుపుల దుకాణంలో బేరమాడే మనిషి ఎంత విసిగించినా ఆయన గొంతు లేవదు. అలాంటివాడు పద్దెనిమిదేళ్ళపాటు, ఆదివారమైతే చాలు, ముక్కు దాకా నల్ల ముసుగు తగిలించుకుని మండ్రగబ్బ అయిపోయేవాడు. మార్కెట్ వెనక హాల్లో ఆయన సొంతంగా నడిపిన కుస్తీ కంపెనీలో విలన్ వేషం ఆయనదే. ఎవరు గెలవాలో ముందే అనుకుని ఆడే కుస్తీ అది. దెబ్బలు మాత్రం దెబ్బలే. ఆయన ఎడమ మోకాలిని అడిగితే చెబుతుంది.

ఆ మోకాలి వల్లే ఏడేళ్ళ కిందట కంపెనీ మూతపడింది. ఈ ఏడు మళ్ళీ తెరుస్తానన్నాడు. కొత్త కుస్తీవాళ్ళు ఆరుగురు దొరికారు. హాలు మేనేజరు మూడు ఆదివారాలు ఇచ్చాడు. మూడోసారి కూడా జనం రాకపోతే హాలు టైల్స్ గోడౌను అయిపోతుంది.

"మూడో ఆట కూడా పోతే రింగు విప్పి పాత ఇనుముకి ఇచ్చేస్తా. మళ్ళీ ఆ ఊసెత్తను," అని మా అక్కకి మాటిచ్చాడు. మాట తప్పే మనిషి కాదు, అదే నా భయం.

మరి ఎవర్ని పిలవాలి? "కండలు పెంచే కుర్రాళ్ళే కదా కుస్తీ చూసేది," అన్నాడు బావ. జిమ్ములకీ కాలేజీ గేట్లకీ పోస్టర్లు పట్టుకుని కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. వాళ్ళకి వీలుగా ఉంటుందని మధ్యాహ్నపు ఆటని సాయంత్రానికి మార్చాడు. మొదటి ఆటకి నలభై మంది వచ్చారు. అందరూ ఫోన్లు పైకెత్తి వీడియో తీసుకున్నారే తప్ప ఒక్కడూ కిక్కురుమనలేదు. చూడ్డానికి వచ్చారో, చూశామని చూపించుకోడానికి వచ్చారో నాకైతే అర్థం కాలేదు. రెండో ఆటకి పదిహేడు మంది వచ్చారు.

మర్నాడు బావ నా ఫోటో స్టూడియోకి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"బామ్మర్దీ, అప్పట్లో హాలు నిండిపోయేది కదా. ఎవరొచ్చేవాళ్ళురా?"

నాకు ఒళ్ళు మండింది. "పద్దెనిమిదేళ్ళు వాళ్ళ ముందు ఆడావు. నన్నడుగుతావేంటి?"

"నేనెప్పుడు చూశాను!"

నిజమే, చూడలేదు. మండ్రగబ్బ గొప్పంతా అక్కడే ఉంది. హాల్లో కుర్చీలు ఒకవైపే ఉంటాయి, అవతల గోడ. మండ్రగబ్బ వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వచ్చి, జనానికి వీపు పెట్టి నిలబడేవాడు. మీ మొహాలు చూడ్డం కూడా దండగ అన్నట్టు. కుస్తీ పడుతూ కూడా, ఆట అయ్యేదాకా అటు మొహం తిప్పేవాడు కాదు. పెద్ద ఉపాయం కనిపెట్టానని మురిసిపోయేవాడు కూడా. దాంతో తనని ఎవరు పోషించారో ఆయనకే తెలియకుండా పోయింది.

"మరి నువ్వు? ఫోటోలన్నీ నువ్వేగా తీసింది?" అని ఎదురడిగాడు. నేను చూసిందీ కుస్తీనే. కానీ అప్పుడు తట్టింది. ముసుగు మొహం ఫోటోలో పడాలంటే గోడ వైపే నిలబడాలి. నేనెప్పుడూ అక్కడే నిలబడ్డాను. అంటే ప్రతి ఫోటోలోనూ ఆయన వెనక జనం ఉండే ఉంటారు.

అటక మీంచి డబ్బాలు దించి, చెరో భూతద్దం పట్టుకుని కూర్చున్నాం. బావ తన బొమ్మ వంక కన్నెత్తి చూడలేదు. ముందు నాలుగు వరసల్లో కండలవాడు ఒక్కడూ లేడు. దాదాపు అందరూ ఆడవాళ్ళే! కుట్టు ఫ్యాక్టరీ కోటు విప్పకుండానే వచ్చినవాళ్ళు, మెడలో ఇంకా గుర్తింపు కార్డు వేలాడుతున్న షాపు అమ్మాయిలు, ఆస్పత్రి ఆయాలు. ఒక ముసలావిడ చేతిలో చెప్పుంది. ఒక్కరూ కుర్చీలో లేరు, అందరి నోళ్ళూ తెరిచే ఉన్నాయి.

"పొద్దుటి డ్యూటీ దిగి నేరుగా వచ్చారురా," అన్నాడు బావ. ఇంకో ఫోటో తీసి, భూతద్దం అక్కడే ఆపేశాడు. "ఇది మీ అక్క కదూ?"

మూడో వరసలో, స్తంభం పక్కన, కుర్చీ ఎక్కి నిలబడి ఉంది అక్క. ఒక చేతిలో టికెట్ల కట్ట ఉంది. రెండో చేత్తో మండ్రగబ్బ వీపుకి వేలు చూపిస్తూ నోరారా తిడుతోంది. తను టికెట్లమ్మే కిటికీ దాటి ఏనాడూ లోపలికి రాలేదని మాతో చెప్పిన మనిషి! తర్వాతి ఫోటోలోనూ ఉంది. ఆ డబ్బాలో పదకొండు ఫోటోల్లో ఉంది.

ఇంటికెళ్ళి ఫోటో చూపిస్తే అక్క బట్టలు మడతపెట్టడం ఆపనైనా ఆపలేదు.

"కిటికీ మూసేసి వచ్చేదాన్ని. అయితే ఏంటంట?"

"నన్ను తిట్టడానికా?" బావ నోరు వెళ్ళబెట్టాడు.

"ఇంట్లో తిడదామంటే నువ్వు దొరికితే కదా! ఏమన్నా 'సరేలే' అంటావు. ఆస్పత్రి కౌంటర్లో వారమంతా ఊరందరూ నామీద అరిచేవాళ్ళే. నోరు మూసుకుని చీటీలు రాసేదాన్ని. ఆదివారం ఒక్క గంట నా నోరు నాది. అక్కడికొచ్చే వాళ్ళందరిదీ అదే కథ. నువ్వు వెనక్కి తిరక్కపోబట్టి అంతలా తిట్టగలిగాం. మొహం చూస్తే జాలేస్తుందిగా!"

 బావ కాగితం అడిగాడు.

మూడో ఆట పోస్టరు మీద కండల బొమ్మ లేదు. "వారమంతా నోరు మూసుకున్నారా? ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మండ్రగబ్బ వస్తున్నాడు. వచ్చి కడుపారా తిట్టండి," అని మాత్రం ఉంది. అక్కే వాటిని ఆస్పత్రిలో, లాండ్రీలో, కుట్టు ఫ్యాక్టరీ గేటు దగ్గర అంటించింది. మోకాలు సహకరించక బావ కుస్తీ పట్టలేదు. కొత్త విలన్‌కి గురువుగా, ముసుగేసుకుని, కర్ర చేతబట్టి, రింగు మూల స్టూలు మీద కూర్చున్నాడు. జనానికి వీపు పెట్టే కూర్చున్నాడు.

హాలు నిండింది. నిండిందే గానీ ఉలుకూ పలుకూ లేదు. అందరూ కొత్తవాళ్ళు. సంచులు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళిచూపుల్లో కూర్చున్నంత బుద్ధిగా చూస్తున్నారు. పది నిమిషాలు గడిచాయి. తలుపు దగ్గర హాలు మేనేజరు గడియారం చూసుకున్నాడు. గోడ వైపు నిలబడ్డ నాకు బావ గడ్డం మీంచి చెమట కారడం కనబడుతోంది. పాత ఇనుము బండి నా కళ్ళముందు తిరిగింది. రెఫరీ అటు తిరగగానే బావ కర్ర ఎత్తి హీరో కాలిమీద ఒక్కటి వేశాడు. అయినా ఎవరూ నోరు విప్పలేదు.

అప్పుడు మూడో వరసలో కుర్చీ కిర్రుమంది.

"ఒరేయ్ మండ్రగబ్బా! చేసిందంతా చేసి మూల నక్కుతావా? ఏదీ, ఇప్పుడను 'సరేలే' అని! అనరా!"

పక్కనున్న లాండ్రీ ఆవిడ సంచి కింద పెట్టి లేచింది. "సిగ్గులేదురా నీకు!" అంది. ఆ వెనక ఇంకెవరో అందుకున్నారు. కాసేపటికి హాలు కప్పు ఎగిరిపోయేలా ఉంది. ఒక్కరూ కూర్చుని లేరు.

ముసుగు కింద బావ పెదాలు వణుకుతున్నాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకే తెలియలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన మెడ మూడో వరస వైపు కదిలింది. వద్దు బావా అని నేను చెయ్యి ఊపాను. ఆయన ఆగిపోయాడు. వీపు ఇంకాస్త నిటారుగా పెట్టుకుని కూర్చుని, వింటున్నాడు.