నొక్కని స్టాప్‌వాచ్

మా పెద్దసారు ఎవరేం చెప్పినా అసలు ముక్క మొదలయ్యాకే వినేవారు. అంతవరకు చేతిలో స్టాప్‌వాచ్ నొక్కకుండా పట్టుకుని కిటికీలోంచి బయటికి చూసేవారు.

ఇది వృత్తి అంటించిన జబ్బు. ఇంకా తయారుకాని ప్రాసెసర్‌కు కంప్యూటర్లోనే నకలు కట్టి, దానిమీద ప్రోగ్రాములు నడిపి వేగం కొలవడం మా పని. ఆ నకలుది నత్తనడక. నిజం చిప్ సెకనులో ముగించేదాన్ని రోజంతా లాగుతుంది. అందుకని ప్రోగ్రాములో కొలవదగ్గ భాగానికి ముందొక గుర్తు, వెనకొక గుర్తు పెడతాం. ఫైళ్లు తెరవడం, యంత్రం కుదురుకోవడం మొదటి గుర్తుకు ముందే అయిపోవాలి. దాన్ని వేడెక్కడం అంటాం. అది లెక్కలోకి రాదు.

సారు ఆ గుర్తుల్ని ఇంటికి కూడా పట్టుకెళ్లారు. వాళ్లావిడ పక్కింటి గొడవ గంటసేపు చెబితే "పదకొండు సెకన్లు" అనేవారట. మిగతాదంతా గోడతో కాపురం చేసినట్టేనని ఆవిడ మా దగ్గర వాపోయేది. ఒక సమావేశంలో డైరెక్టరు నలభై నిమిషాలు మాట్లాడితే వాచీ ఒకసారి టిక్కుమంది, వెంటనే ఇంకోసారి టిక్కుమంది. డైరెక్టరు కాగితాలు సర్దుకుని కూర్చున్నారు.

చేరిన కొత్తలో ఎనిమిది నెలలు నేను గుర్తులు తప్పే పెట్టాను. ఒకసారి ఆరు రోజులు నడిపి, తీరా చూస్తే ఫైలు తెరవడాన్ని కొలిచాను. ఉద్యోగం ఊడుతుందనుకున్నాను, ఊడలేదు. అది నా తెలివేననుకున్నాను.

పదవీ విరమణ సభల్లో మనిషిని బతికుండగానే పటం కట్టేస్తారు. నాకది గిట్టదు. అందుకే సారు సభలో ఆయన వాచీనే ఎత్తి, ముప్పై ఏళ్ల సర్వీసులో గుర్తుల మధ్య తేలింది నాలుగు సెకన్లేనని ప్రకటించాను. హాలంతా పగలబడి నవ్వింది. సారూ నవ్వారు, కాస్త ఆలస్యంగా.

ఆయన కుర్చీలోకి నేనొచ్చాక ఒక పాత కాగితం దొరికింది. నన్ను తీసెయ్యమని డైరెక్టరు రాసింది. కింద సారు దస్తూరీ: "ఎనిమిది నెలలూ వేడెక్కడం. కొలవకూడదు. తొమ్మిదో నెలనుంచి చూడండి. పూచీ నాది."

ఆ కాగితాన్ని రెండేళ్లు సొరుగులో దాచాను. ఆయన ముందుకు వెళ్లడానికి మొహం చెల్లలేదు. మొన్న వాళ్లింటికి వెళ్లాను. సభ సంగతి ఎత్తి, నోరు జారానని, క్షమించమని, పావుగంట ఏదేదో చెప్పాను. ఆయన వాచీ పట్టుకుని కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు.

"ఎన్ని సెకన్లు సార్?"

వాచీ నావైపు తిప్పారు. సున్నా.

"అదంతా వేడెక్కడమేనోయ్. టీ తీసుకో, ఇక్కణ్ణుంచి చూద్దాం."

"నాకు పదకొండైనా ఇచ్చారు నాయనా," అంటూ వాళ్లావిడ కప్పు చాపింది.

అందుకున్నాను. వాచీ టిక్కుమంది.