పదకొండు అంశాల్లో లేని ముక్కుపుడక

ముక్కు కొస మూడు కాళ్ల పీట లాంటిదని మా పెద్ద డాక్టరు గారు మొదటిరోజే చెప్పారు. చెరో పక్క ఉండే మెత్తటి ఎముకలు రెండు కాళ్లు. రంధ్రాల మధ్య అతుక్కుని నిలబడే జంట మూడో కాలు. అది కుంగితే కొస వాలుతుంది.

సికింద్రాబాద్‌లో శిక్షణలో ఉన్న నేను ప్రతి ఆపరేషన్‌కీ ముందు జాబితా రాసుకుంటాను. ఆ రోజు పదకొండు అంశాలు. పేషెంటు బన్సీలాల్‌పేటలో బట్టలు కుట్టే యాభై ఏళ్ల ఆవిడ. స్కూటీ మీంచి పడి కొస వాలింది, గాలి సరిగా ఆడటం లేదు. ముక్కు మధ్య గోడలోంచి చిన్న పట్టీ తీసి మూడో కాలికి ఊతంగా కుట్టాలి. తర్వాత కొసలోని రెండు వంపులనూ సన్నటి దారంతో దగ్గరికి లాగాలి. ఇవి ఏడు, ఎనిమిది. నాలుగోది: నగలు తీయించాలి.

ఆవిడ గాజులు తీసి కూతురి చేతిలో పెట్టింది. ముక్కుపుడక దగ్గర ఆగింది.

"ఇది తీస్తే బొక్క పూడుతది సారూ. రెండుసార్లు పూడితే రెండుసార్లు కుట్టించుకున్న. మూడోసారి నాతోని గాదు."

"కట్టు వారమే ఉంటుందమ్మా."

"బొక్క పూడనీకి మూడు రోజులు జాలు." కొంగుముడి విప్పి, సన్నగా చెక్కిన వేపపుల్ల చూపించింది. "గిది పెట్టుండ్రి. మా అమ్మ గిట్లనే పెట్టేది. లేకుంటే ఇంటికి పోత."

ఆపరేషన్ థియేటర్లోకి వేపపుల్ల! నా పదకొండు అంశాల్లో అలాంటిది లేదు.

"ముక్కు కోసం వచ్చినవా, పుడక కోసమా?" అంది కూతురు.

"ముక్కున్నదే పుడక కోసం."

మచిలీపట్నం నుంచి వచ్చిన మా థియేటర్ సిస్టర్ నవ్వింది. "ఏంటండీ డాక్టరు గారూ, ఇంత చదివి! కుట్లేసే నైలాన్ దారం ఉందిగా? బొక్కలోంచి దూర్చి ముడేసేయండి."

పెద్ద డాక్టరు గారు సరేనన్నారు. ఊతం పెట్టింది, వంపులు కలిపింది ఆయన. చివర్లో నీలం దారం దూర్చి ముడేసింది నేను.

ఎనిమిదో రోజు కట్టు విప్పాం. వాపున్నా కొస చక్కగా లేచింది. పై పెదవితో అది చేసే కోణం కొలవాలని నేను కోణమానిని తీశాను. ఆవిడ కొసను చూడనే లేదు. సిస్టర్ దారం కత్తిరించి పుడకను నెమ్మదిగా దూర్చింది. దిగింది.

"పట్టింది!" అని వార్డంతా వినబడేలా అరిచింది ఆవిడ.

"గాలి ఎలా ఆడుతోందమ్మా?"

"మంచిగనే ఆడుతున్నది. గానీ పుడక జెర మీదికి లేసినట్టుందే?"

"కొస లేపాం కదా."

అద్దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ఇట్లనే మంచిగున్నది."

ఇప్పుడు కొలవచ్చా అని అడిగాను.

"పుడకకు తగలకుంట కొలువు బిడ్డా."