ముందు గీత, తర్వాతే గ్రాఫు

విత్తనాల సంచి కుట్టు విప్పగానే ముక్కుకు తగిలే మందు వాసనతో నాకు ఈనాటికీ సుభద్ర మేడం గారు గుర్తుకొస్తారు. రావులపాలెంలో ఇప్పుడు నాకు విత్తనాల కొట్టుంది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాత్రం, ఒక వరి పరిశోధన కేంద్రంలో ఆవిడ దగ్గర కంప్యూటర్ ఆపరేటరుని. పుట్టింది కిరాణా కొట్టువాళ్ల ఇంట్లో. మనిషి చెప్పులు చూసి ధర చెప్పడం మాటలతోపాటే వచ్చింది. ఉద్యోగంలో చేరేటప్పుడు జీతం దగ్గరా బేరమాడి, చివరికి వాళ్లన్నదానికే ఒప్పుకుని, నెగ్గినవాడిలా కాలరెగరేస్తూ బయటికొచ్చాను.

వరద నీట మునిగినా కుళ్లకుండా నిలిచే గుణం వరి మొక్క జన్యువుల్లో ఎక్కడుందో వెతకడం మేడం గారి పని. మడుల్లో మొక్కల్ని ముంచి, తేల్చి, కొలిచి ఆవిడ తెచ్చిన అంకెల్ని నేను కంప్యూటరుకి ఎక్కించేవాణ్ణి. ఆ లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో నొక్కడానికి బటన్లుండవు. నల్లటి తెర మీద దాని పేరు కొట్టి, పక్కన అడ్డగీత పెట్టి ఒక్కొక్క ఆప్షన్ రాయాలి. కొలతల్ని మొక్కల మధ్య పేకముక్కల్లా ఎన్నిసార్లు కలపాలో చెప్పేది ఒకటి. చివర్లో వచ్చే గ్రాఫులో శిఖరం లేచిన చోట జన్యువు ఉన్నట్టు లెక్క. కానీ కొలతల్ని అలా కలగాపులగం చేసినా అప్పుడప్పుడూ ఉత్తుత్తి శిఖరాలు లేస్తాయి; వాటిని దాటితేనే మన శిఖరాన్ని నమ్మాలి. ఆ హద్దు గీత ఎంత గట్టిగా ఉండాలో చెప్పేది ఇంకొకటి.

"గ్రాఫు చూసుకుని ఆప్షన్లు రాస్తే తేలిక గదండీ?" అన్నానొకసారి.

"మీ కొట్లో మనిషిని చూసి ధర చెబుతారా ఏంటి?"

"అదే గదండీ వ్యాపారం!"

ఆవిడ నవ్వారు. "ఇక్కడ ముందు గీత, తర్వాతే గ్రాఫు. రాయి బాబూ."

ఆ ఏడు పథకం పొడిగించాలో వద్దో తేల్చడానికి కమిటీ వస్తోంది. జన్యువు చోటు దొరికితే పని సాగుతుంది, లేకపోతే మూతే. చివరి గ్రాఫులో శిఖరం లేచింది. గీతకు వెంట్రుకవాసి కింద ఆగిపోయింది.

"ఒక్క ఆప్షన్ మారుద్దామండి, గీత కాస్త దిగుతుంది. కమిటీవాళ్లు అవన్నీ చదువుతారా?"

"చదవరు." కళ్లజోడు తీసి చెంగుతో తుడుచుకున్నారు. ఆ వేళ ఆవిడ ముఖం నీళ్లు తీసేసిన మడిలా ఉంది.

"మరింకేంటండీ? అరటిగెల ధర కూడా ఇంతకన్నా దిగుతుంది."

"దీన్ని నమ్మి రేపెవరో విత్తనం తయారుచేస్తారు. ఆ విత్తనాన్ని నమ్మి రైతు నాట్లు వేస్తాడు. నీళ్లొచ్చాక బేరం ఉండదు బాబూ. దొరకలేదని రాయి."

రాశాను. పథకం మూసేశారు. ఆవిడను దూరంగా ఏదో ఆఫీసుకి బదిలీ చేశారు, నా కాంట్రాక్టూ పోయింది. వెళ్లేరోజు పెట్టెలతో రోడ్డు మీద నిలబడి, "ఆటో అతనితో నువ్వు మాట్లాడు, నాకు బేరం రాదు" అన్నారు. మాట్లాడాను. ఆవిడ దగ్గరున్నన్నాళ్లలో నేను నెగ్గిన బేరం అదొక్కటే.

నిన్న ఒక రైతు సంచి విప్పించి, గింజలు అరచేతిలో పోసుకుని, "మునిగినా తట్టుకుంటాదాండీ?" అని అడిగాడు.

"కంపెనీ అలాగే అంటోందండి. నేనైతే చూడలేదు."

"ఏంటండీ, అమ్మేవాళ్లే అలాగంటే ఎలాగండీ!" అంటూ గింజలు సంచిలో పోసేసి, ఎదురు కొట్టుకి వెళ్లిపోయాడు. అక్కడి కొట్టాయన, "బ్రహ్మాండంగా తట్టుకుంటుందండీ" అనడం ఇక్కడికే వినబడింది. ధరైతే ఎంతకైనా దిగేవాణ్ణే. ఆ మాట దగ్గర దిగలేకపోయాను. దబ్బనం తీసి, విప్పిన సంచి మూతి మళ్లీ కుట్టుకుంటూ కూర్చున్నాను.