అవతలి గట్టున బోజ్

ఒరొజాలీ ఆ రోజు గురి తెలియక తప్పాడా, తెలిసే తప్పాడా? ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు.

అతను మా పక్కింటివాడు. ముర్ఘాబ్ పట్నానికి పైన, ఎత్తయిన కొండల్లో ఉన్న మా ఊరికంతటికీ రైఫిల్ ఒక్క అతని దగ్గరే ఉండేది. మందల మీద తోడేళ్ళు పడితే అందరూ తట్టేది అతని తలుపే. కింది ఊళ్ళ నుంచి కొండగొర్రెల వేటకొచ్చేవాళ్ళు తుపాకి తీయగానే నవ్వేవాడు.

"మీ ఊళ్ళో గాలి గడ్డపెరుగు, బాబూ. తూటాను పట్టి కిందికి లాగేస్తుంది. ఇక్కడిది మా ఆవిడ మజ్జిగ, అంతా నీళ్ళే. అడ్డుపడదు. గురి కాస్త కిందికి పెట్టండి."

ఎత్తులో ఉన్నామన్న తలపు కిందినుంచి వచ్చినవాళ్ళకే. మాకది ఉత్త నేల.

ఆ చలికాలం కంటి ఆపరేషన్‌కని కింద మైదానంలోని ఓష్ పట్నానికి దిగాడు. తుపాకికి అక్కడే కొత్త దుర్భిణి బిగించి, గురి కూడా ఆ మైదానంలోనే సరిచేయించుకొచ్చాడు. "ఇక తోడేలు మీసాలు లెక్కపెడతా, చూస్కో," అన్నాడు నాతో.

మంచు కరిగే రోజులొచ్చాయి. వాగు పొంగి వంతెన కొట్టుకుపోయింది. ఒక మధ్యాహ్నం అవతలి గట్టున రాళ్ళు జారి అతని గుర్రం బోజ్ ముందుకాళ్ళు విరిగాయి. తల్లి చస్తే, పిల్లగా ఉన్నప్పటి నుంచి ఇంట్లో పొయ్యి పక్కన పెట్టుకుని పెంచాడు దాన్ని. చుట్టుదారిన వెళితే రెండు రోజులు. చీకటి పడితే తోడేళ్ళు దిగుతాయి. అది లేవబోతూ పడుతోంది. దాని అరుపు నీళ్ళ హోరును దాటి వస్తోంది. దానికి మేం చేయగలిగింది ఒక్కటే.

ఒరొజాలీ బండ మీద బోర్లా పడుకున్నాడు. దూరం అరకిలోమీటరు పైమాటే. తలకే తగలాలి, ఒక్క దెబ్బతో పోవాలి అన్నాడు. పేల్చాడు. బోజ్ చెవులు నిక్కించింది, అంతే. వెనకంతా మెత్తటి మంచు. తూటా ఎక్కడ పడిందో జాడ లేదు.

"కళ్ళు కొత్తవే గానీ చేతులు పాతవి కదన్నా," అన్నాడు గొర్రెలకాపరి షాబ్దాన్. నవ్వించాలనే అన్నాడు.

"నోర్ముయ్‌రా."

మళ్ళీ పేల్చాడు. మళ్ళీ అంతే.

వెనక నిలబడ్డ అతని భార్య బురుల్చా ఉండబట్టలేకపోయింది. "పైనుంచి పోతోందేమో చూడయ్యా! ఓష్‌లో సరిచేయించిందేగా. వచ్చినవాళ్ళందరికీ నువ్వే చెబుతావే!"

"నాకు చెబుతున్నావా?" అన్నాడు, చాలా మెల్లగా.

ఇక ఒక్క తూటా మిగిలింది. నేను పక్కనే కూర్చున్నాను. దుర్భిణికి కన్ను ఆనించి అలాగే ఉండిపోయాడు.

"పాతదాంట్లో ఓ మచ్చలా కనిపించేది," అన్నాడు. "ఇందులో నన్నే చూస్తోంది."

తుపాకి కొన కిందికి దిగిందో లేదో నేను చూడలేదు. పేలింది. దాన్నీ మంచే మింగేసింది.

బురుల్చా తెచ్చిన టీ ఎవరూ ముట్టలేదు. చీకటి పడ్డాక కూడా బోజ్ పిలుస్తూనే ఉంది. మేం వింటూ కూర్చున్నాం. తర్వాత తోడేళ్ళు వచ్చాయి.

మా దగ్గర దూరం వెళ్ళేవాడు రొట్టె ఒక ముక్క కొరికి, మిగతాది ఇంట్లో వదిలి వెళతాడు, తిరిగొచ్చి తినడానికి. పొద్దున ఒరొజాలీ ఎక్కిన ఓష్ లారీ చప్పుడు విని బురుల్చా రొట్టె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. లారీ అప్పటికే మలుపు తిరిగింది. ఆమె చేతిలో రొట్టె కొరకకుండా అలాగే ఉంది.