నేను విప్పిన కాలికట్టు

సహోదరులారా, మా ఎస్తేరు రెండు మోకాళ్లూ ముడుచుకునే పుట్టింది. ఏడేళ్లు వచ్చినా నేలమీద జరగడమే తప్ప నిలబడి ఎరగదు. నా భార్య మరియమ్మ దాన్ని గట్టున కూర్చోబెట్టి వేరుశనగ పీకేది, నేనేమో ఊరూరా కూటాల్లో ప్రార్థనలు చేసేవాణ్ణి. బైబిలు కోసం తెలుగు చదవడం నాలుగు ముక్కలు నేర్చుకుని, ఆ నాలుగు ముక్కలతో నాలుగు గంటలు మాట్లాడగలిగినవాణ్ణి.

తమిళనాట మా ధర్మపురి వేరే జిల్లా అయిన కొత్తలో, దూరాన ఒక ఆసుపత్రిలో దాని మోకాళ్ల వెనక కోసి నరాలు సాగదీశారు. పిండికట్టు తీశాక తోలుపట్టీల చెక్కలు బిగించారు. అక్కడ వ్యాయామం చేయించే అక్క మా తెలుగు మనిషే.

"అన్నా, ఏడాది దాకా ఈ చెక్కలు విప్పగూడదు. రోజూ రెండు పూటలా కాలు సాగదీయాల. కోసేది మా పని, నిలబెట్టేది మీ పని" అని చెప్పి పంపింది.

ఇంటికి వచ్చిన మొదటి ఆదివారమే మా సంఘంలో సాక్ష్యం చెప్పడానికి లేచాను. దేవుడు స్వస్థపరచిన కాలికి చెక్కలేమిటి, అది అవిశ్వాసం కాదా అని నేనే అని, అందరి ముందూ నేనే పట్టీలు విప్పాను. బిడ్డ నా చెయ్యి పట్టుకుని నిలబడింది, సంఘమంతా స్తుతించింది, నా నోరు ఇంకా సాగింది.

"ఏమయ్యా, కట్టేద్దామయ్యా, కాలు మళ్లా ముడుచుకుంటాంది" అని మరియమ్మ వారం తిరక్కముందే ఏడ్చింది. కడితే నా సాక్ష్యం అబద్ధమవుతుందని ఒప్పుకోలేదు. మూడు నెలల్లో దాని కాళ్లు మొదటికొచ్చాయి.

మళ్లీ ఆసుపత్రికి మోసుకుపోయాను. ఆ అక్క మోకాలు తడిమి, చెక్కలు ఎందుకు విప్పానో నా నోటే చెప్పించింది.

"విప్పమని దేవుడు చెప్పినాడా అన్నా, నువ్వే చెప్పుకున్నావా?"

మళ్లీ కోశారు. ఇక కోయడానికి వీలుండదని డాక్టరు అన్నారు. బిడ్డ నొప్పితో అరుస్తుంటే వరండాలో మోకరించాను. "ప్రభువా, నా బిడ్డ మోకాళ్లు చాపుకోవు, నా మోకాళ్లు నిజంగా ఎన్నడూ వంగలేదు. నా పేరు నిలబెట్టుకోవడానికి దాన్ని కూలదోసినాను. నన్ను క్షమించు" అన్నాను. అంత చిన్న ప్రార్థన నేనెన్నడూ చేయలేదు.

ఇంటికి రాగానే సంఘం ముందు నిలబడి, నేను చెప్పింది అబద్ధమని ఒప్పుకున్నాను. చాలామంది తల దించుకున్నారు, కొందరు మా ఇంటికి రావడం మానుకున్నారు. ఆనాటి నుంచి పొద్దునా సాయంత్రమూ దాని కాలు నొక్కిపట్టి ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పేవాణ్ణి, ఆమేను అనేదాకా వదలకూడదని లెక్క.

"నాయనా, తొందరగా ఆమేను చెప్పు నాయనా" అని అది పళ్లు బిగించి ఏడ్చేది. నేను కూడా ఏడుస్తూనే నెమ్మదిగా చెప్పేవాణ్ణి. అలా రెండేళ్లు.

ఇప్పుడు ఎస్తేరు కర్ర పట్టుకుని బడికి నడిచిపోతుంది. ఎడమ కాలు చాపుతుంది. కుడి మోకాలు పూర్తిగా చాపుకోలేదు, ఇక చాపుకోదు కూడా. ఆ వంకర నాది. నడిచే అడుగులకు మాత్రం దేవునికే మహిమ.

మీ ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే ఆయనను నమ్మండి, మొరపెట్టండి, ఆయన వింటాడు. కానీ నా మాట కూడా వినండి: కట్టు మాత్రం విప్పకండి.