నేలను వాసన చూసే సుభాన్ భాయ్

సుభాన్ భాయ్ ఎవరింటికి వెళ్ళినా ముందు వంటింట్లోకి దూరి, మోకాళ్ళ మీద వంగి, నేలను వాసన చూస్తాడు. సలాం, కుశలప్రశ్నలు, కుర్చీ, చాయ్ అన్నీ ఆ తర్వాతే.

రాంగోపాల్‌పేటలో ఆయన ఇంటి పై వాటాలో నేను అద్దెకు దిగిన రోజు సామాను ఇంకా ఆటోలోనే ఉంది. ఇంటాయన పలకరించడానికి వస్తున్నాడని మర్యాదగా చేతులు జోడించాను. ఆయన నన్ను దాటుకుని వెళ్ళి వంటింట్లో బోర్లా పడుకున్నాడు.

"ఏమైనా పడిపోయిందా సుభాన్ భాయ్?"

"ఏం పడలే యుగంధర్ సాబ్. గ్యాస్ ఉంటే గీడనే ఉంటది. పొగ లెక్క మీదికి పోదు. నీళ్ళ లెక్క కిందికి దిగి మూలకు కూసుంటది."

"మా సిలిండర్ ఇంకా రానేలేదు కదా!"

"గందుకే ఏం వాసన రాలే," అని తృప్తిగా లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు.

రెజిమెంటల్ బజార్‌లో గ్యాస్ పొయ్యిలు బాగుచేసే దుకాణం ఆయనది. దుకాణం కట్టేశాక పేటలో ఇల్లిల్లూ తిరిగి నేలలు వాసన చూడటం ఆయన సొంత సరదా అనుకునేవాళ్ళం. ఎదురింటి వీరరాఘవమ్మ గారు ఆయన గడప తొక్కగానే "ఆగు సుభానూ, ఇప్పుడే తడిబట్ట పెట్టిన" అని కేకపెట్టేది. "ఫినాయిల్ మార్చిన్రా అమ్మా?" అని నేల మీద నుంచే జవాబొచ్చేది. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు తండ్రి కౌగిలించుకోవడానికి చేతులు చాపితే, ఆ చేతుల కింద నుంచి దూరి వంటల షామియానా వైపు పరుగెత్తాడు. ఆ పెళ్ళి ఆల్బంలో సుభాన్ భాయ్ వీపు ఒక్కటే ఉంది.

ఇదంతా ఒక ఎత్తు, డాబా మీది పడవ ఒక ఎత్తు.

ఆయన భార్య హజీరా భాభీ పుట్టి పెరిగింది భద్రాచలం దగ్గర, గోదావరి ఒడ్డున. వాళ్ళ నాన్న లాంచీ నడిపేవాడు. నది మధ్యలో ఇంజను ఆపి, కూతురి చేత చాయ్ పెట్టించుకుని తాగేవాడట.

"నీళ్ళ మీద కాగే చాయ్ వేరే అన్నా," అనేది భాభీ. "ఒక్కసారి మళ్ళ గట్ల నా చేతుల్తోటి పెట్టాలె, తాగాలె. ఇంకేం అడగను."

మా డాబా ఎక్కితే రెండు అపార్ట్‌మెంట్ల సందులోంచి హుస్సేన్‌సాగర్ అరచేతంత కనిపిస్తుంది. సాయంత్రాలు ఆమె ఆ అరచేతంత నీళ్ళనే చూస్తూ నిలబడేది. ఆ చూపు చూస్తే, నది పేరెత్తితే జలుబు చేసే నాకు కూడా ఎక్కడికో పోవాలనిపించేది.

ఆమె కోసమే సుభాన్ భాయ్ డాబా మీద పడవ కట్టడం మొదలుపెట్టాడు. నలుగురు కూర్చునేంత పడవ. అది ఏడాదిలో పూర్తయింది. అందులో పొయ్యి పెట్టడం మాత్రం ఎప్పటికీ పూర్తి కాలేదు.

"ఇంట్ల గ్యాస్ లీకైతే తలుపు సందులకెళ్ళి పోతది సాబ్. పడవకు తలుపేది? పడవంటే గిన్నె. గిన్నెల పాలున్నట్టే గ్యాస్ అడుగున ఉంటది. ఒక్క అగ్గిపుల్ల చాలు."

కాబట్టి చిన్న సిలిండర్‌కు పడవ పక్కన వేరే పెట్టె, పైన మూత. లీకైన గ్యాస్ పడవలోకి రాకుండా బయటికే పోయేలా పెట్టె అడుగున బెజ్జం. సిలిండర్ పడిపోకుండా నిలబెట్టి బెల్టు. ప్రతి ఆదివారం రిహార్సల్. పైపుకు సబ్బు నురగ పూసి బుడగలొస్తాయేమోనని కళ్ళు చికిలించి చూసేవాడు. తర్వాత ప్లాస్టిక్ బకెట్ పట్టుకుని, ఎండిన పడవ అడుగు నుంచి తోడి తోడి బయటికి పారబోసేవాడు.

"ఏం తోడుతున్నవ్ భాయ్?"

"గ్యాస్."

"లేదు కదా!"

"ఉన్ననాడు ఎట్ల తోడాల్నో చెయ్యికి అలవాటు గావాలె గదా సాబ్."

ఒకసారి ఆ ఖాళీ బకెట్ నా వైపు పారబోస్తే, బట్టలు తడుస్తాయని నేను పక్కకు దూకాను. మా ఆవిడ కల్పలత ఇప్పటికీ ఆ సంగతి చుట్టాలందరికీ చెబుతూనే ఉంది.

వానలు తగ్గి నది నెమ్మదించిందని భాభీ తమ్ముడు రియాజ్ ఫోన్ చేశాడు. వచ్చే ఆదివారం పోదామన్నాడు సుభాన్ భాయ్. ఆదివారం వచ్చేసరికి రెగ్యులేటర్ మార్చాలన్నాడు. ఆ పై ఆదివారం పెట్టె మూతకు రబ్బరు సరిపోలేదన్నాడు. అలా ఒక ఏడు గడిచి, నది మళ్ళీ నెమ్మదించి, రియాజ్ మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి పైపు పొట్టిగా ఉందట. ఆ సాయంత్రం నుంచి భాభీ డాబా ఎక్కడం మానేసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేరుగా దుకాణానికి వెళ్ళి దులిపేశాను. "ఆశపెట్టి ఇట్ల సతాయిస్తవా? గ్యాసంటే అంత భయమైతే ఫ్లాస్కుల పోసుకొని పోరాదూ!"

ఆయన చేతిలోని పానా పక్కన పెట్టాడు. "ఫ్లాస్కుల పోసుకపోతే నీళ్ళ మీద పెట్టిన చాయ్ ఎట్లయితది సాబ్?"

ఒక బర్నర్ అందుకుని తుడుస్తూ, గొంతు తగ్గించాడు. "హజీరాకు వాసన తెల్వది. ఒకపాలి పెద్ద జ్వరమొచ్చి పోయింది, అప్పటి సంది ముక్కు పనిచేస్తలేదు. ఒకనాడు పొయ్యి ఆరి గ్యాస్ పోతుంది, పక్కనే కూసొని ఉల్లిగడ్డ కోస్తుంది. కిటికీ తెరిచి, పైపు పాతదైందని పైపును తిట్టిన. నా ముంగట బిర్యానీ మూత తీసి 'వాహ్, ఏం ఖుష్బూ' అంటది సాబ్. దాచుకుంటుంది. నేనెట్ల అడగాలె? చిన్నబోదా?"

"మరి మా అందరి నేలలూ ఎందుకు?"

"మా ఇంట్ల ఒక్కటే చూస్తే ఆమెకు తెలిసిపోతది గదా. అందరిండ్లల్ల చూస్తే నాకే పిచ్చి అనుకుంటది."

ఒక్క వంటింటి నేల కోసం ఈ మనిషి పేటలోని నేలలన్నీ వాసన చూశాడు. నాకు ఆయన్ని కౌగిలించుకోవాలనిపించింది. కోపం మాత్రం అంగుళం తగ్గలేదు.

"ఆమె ముక్కు పనిచెయ్యకుంటే ఏమైంది? నీ ముక్కు పక్కనే ఉంటది కదా! ఈ ఆదివారం పోతున్నం. అంతే!"

పడవ మెట్ల మీదుగా దిగనని మొండికేసింది. డాబా పిట్టగోడ కొంత పడగొట్టి తాళ్ళతో దించాం. పడవ గాల్లో వేలాడుతుంటే సుభాన్ భాయ్ ఎదురింటికి పరుగెత్తి వీరరాఘవమ్మ గారి పొయ్యి ఆర్పించి వచ్చాడు. ఆవిడ పప్పు ఆ రోజు ఉడకలేదు.

లారీ మీద భద్రాచలం చేరిన పడవలో మేం నలుగురం ఎక్కాం. గోదావరి నడిమధ్య రియాజ్ తెడ్డు ఆపాడు. భాభీ నీళ్ళలో చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు. సుభాన్ భాయ్ పైపుకు నురగ పూశాడు, బెల్టు లాగి చూశాడు, మోకాళ్ళ మీద పడి పడవ అడుగు వాసన చూశాడు.

"జెర జరగండి," అంటూ భాభీ కూడా ఆయన పక్కన వంగి, చెక్కకు ముక్కు ఆనించి గట్టిగా పీల్చింది. సుభాన్ భాయ్ ముఖం పాలిపోయింది.

"నాకేం వాసన వస్తలేదు," అంది.

ఆయన మళ్ళీ బెల్టు లాగి చూశాడు.

"ఆ జ్వరం సంది వస్తలేదు. మీకు ఎరుకనే సంగతి నాకు సుత ఎరుకే. రబ్బరు పైపును అంతసేపు ఎవరన్న తిడతరా? ఇప్పుడు మీకేం వాసన వస్తుందో చెప్పుండ్రి."

ఆయన మళ్ళీ వంగి చూసి, మెల్లగా అన్నాడు. "నాకు సుత ఏం వస్తలేదు."

"మరి ఇద్దరం బరాబరే గదా. చాయ్ పెట్టనా?"

ఆయన సిలిండర్ తిప్పాడు. ఆమె లైటర్ నొక్కింది. నీలి మంట మీద గిన్నె కాగుతుంటే, ఆవిరి వైపు చూస్తూ అడిగింది. "వాసన ఎట్లుంది?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "బహుత్ ఖూబ్. అల్లం ఘుమఘుమలాడుతుంది."

"అల్లం ఇంట్లనే మర్చిపోయిన," అంది భాభీ.

రియాజ్ నవ్విన నవ్వుకు పడవ ఊగింది. చాయ్ అయ్యాక సుభాన్ భాయ్ ముందు సిలిండర్ దగ్గర గ్యాస్ కట్టేసి, పైపులో మిగిలింది మండి ఆరేదాకా చూసి, అలవాటుగా బకెట్ అందుకున్నాడు. భాభీ లాక్కుంది. "ఇయ్యాల నేను." ఎండిన పడవ అడుగు నుంచి నిండా తోడి, గోదావరిలోకి పారబోసింది. రెండో బకెట్ నా వైపు వచ్చింది.

తడుస్తానని నేను పక్కకు జరిగాను.