మూడు రోజులూ ఒకే గడియారం

ఏడేళ్ళుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. ఇంగ్లీషులో ఒకటిన్నర వరుస. టైపు చేసింది నేను. దాని కింద సంతకం మాత్రం నాది కాదు.

ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నా భర్తకు కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

కువైట్ సిటీలో ఒక ట్రావెల్ ఆఫీసులో పనిచేస్తాను. యూరప్ చూడడానికి వెళ్ళేవాళ్ళకు వీసా కాగితాలు తయారు చేయడం నా పని. ఏ రోజు ఏం చూస్తారో వివరంగా రాసి జతచేయాలి. ప్రాగ్ నగరమైతే నాకు కంఠతా వచ్చు. మొదటి రోజు కొండ మీది కోట. రెండో రోజు విగ్రహాలు వరుస తీరిన రాతి వంతెన, నదిలో పడవ. మూడో రోజు పాత ఊరి కూడలి, అక్కడ ఆరువందల ఏళ్ళ నాటి గడియారం. గంట గంటకూ దాని కిటికీలు తెరుచుకుని బొమ్మలు తిరుగుతాయి. ఎన్ని కుటుంబాలకు రాశానో లెక్కలేదు. అందులో ఒక్కటీ నేను చూడలేదు.

ఆయన ఒక మధ్యాహ్నం వచ్చాడు. ఖైతాన్‌లో తనకు వీసా, పని ఇచ్చిన కఫీల్ కొట్లో గడియారాలు బాగుచేసే మనిషి. రాయచోటి వాడు. యాభై దాటి ఉంటాయి. పేరు రాయను. మాదీ కడప వైపే అని తెలిశాక ఆయన ముఖం విప్పారింది. నాకు మాత్రం ఆ క్షణం నుంచే అనుమానం మొదలైంది. మన ఊళ్ళ నుంచి పనికి వచ్చిన మనిషి, సెలవు దొరికితే ఇంటికి పోతాడు. యూరప్‌కు చూడ్డానికి పోతాడా?

అనుమానానికి కారణం లేకపోలేదు. అంతకు కొన్ని నెలల ముందు మా ఆఫీసు ద్వారా వెళ్ళిన ఒకతను తిరిగి రాలేదు. మా మేనేజర్ నన్ను పిలిచి, ఇంకొక్కడు అట్లా మాయమైతే నీ ఇఖామా ఖలాస్, ఇక్కడ ఉండే అనుమతి రద్దే అన్నాడు. అప్పటి నుంచి నా ఎదుట కూర్చున్న ప్రతి మనిషిలోనూ పారిపోయేవాడినే వెతికేదాన్ని.

మా ఇద్దరి మధ్య జరిగిన ఆ మాటలు నాకు ఇప్పటికీ పొల్లు పోకుండా గుర్తున్నాయి.

"మూడు దినాలూ ఆ గడియారమే రాయమ్మా. గది గూడా ఆ కూడలి కాడే ఉండాల," అన్నాడు.

"కోట చూడవా అన్నా? అందరూ చూస్తారు."

"కోటతో నాకేం పని? ముప్పై ఏండ్లుగా గడియారాలే విప్పుతాండా. దాని లోపల పని ఎట్లుంటాదో చూడాలని ఆశ. మెట్లెక్కి పైకి పోతే బొమ్మల్ని వెనకాల నుంచి గూడా చూడొచ్చంటనే!"

"అయితే వచ్చే ఏడు పోరాదా? నింపాదిగా అన్నీ చూసి రావచ్చు."

ఆయన తల దించుకున్నాడు. "లేదమ్మా. ఇప్పుడే పోవాల. మళ్ళా కుదరదు."

ఎందుకు కుదరదు? అడిగాను. ఆయన ఫారం తీసుకుని, పక్కకు తిప్పి, వెలుతురుకు పెట్టి చూశాడు. నా కళ్ళలోకి చూడలేదు. మళ్ళీ కుదరదు అన్నాడంటే, తిరిగి రాడనేగా అర్థం? అప్పుడు నాకు తోచింది అదొక్కటే.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. రెండు రోజుల తరువాత పనిగట్టుకుని ఖైతాన్ వెళ్ళాను. వాళ్ళ కొట్టుకు ఎదురుగా ఉన్న బట్టల దుకాణంలో నిలబడి, ఏదో బేరం చేస్తున్నట్టు నటిస్తూ ఆయన్నే గమనించాను. ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి చిన్న చేతి గడియారం ఇచ్చింది. దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని కాసేపు చూసి, కాదని తిరిగి ఇచ్చేశాడు. తరువాత వచ్చినామెకూ అంతే. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాడు వచ్చిన పనిని ఎందుకు తిప్పి పంపుతాడు? సర్దుకుంటున్నాడు అనుకున్నాను. కొత్త పనులు ఒప్పుకోవడం లేదంటే వెళ్ళిపోవడానికి సిద్ధమవుతున్నాడనే.

ఈ అనుమానాలు మేనేజర్‌తో చెప్పి ఉండవచ్చు. లేదా ఆ గడియారాల మనిషితోనే, అన్నా, నాకు భయంగా ఉంది, ఈ పని నేను చేయలేనని చెప్పి ఉండవచ్చు. రెండూ చేయలేదు. కాగితాలు చూస్తే అన్నీ సక్రమంగా ఉన్నాయి. కఫీల్ ఇచ్చిన సెలవు ఉత్తరం కూడా ఉంది. తప్పు పట్టడానికేమీ లేదు. అందుకని వీసా ఉత్తరంలో ఒక వాక్యం చేర్చాను. గడియారం చూడడంతో పాటు, అక్కడ గడియారాల మరమ్మతు పని గురించి కూడా తెలుసుకోవాలని ఉంది, అని.

చూడండి, అది పూర్తిగా అబద్ధం కాదు. లోపలి పని చూడాలని ఉందని ఆయనే అన్నాడు కదా. ఇన్నేళ్ళూ ఈ సాకుతోనే నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. కానీ పర్యాటక వీసా అడిగే మనిషి 'పని' అన్న మాట ఎత్తితే చదివే అధికారికి ఏమనిపిస్తుందో నాకు బాగా తెలుసు. తెలిసే రాశాను. ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు. "బాగా రాసినావా అమ్మా?" అని అడిగి, నేను వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేశాడు.

వీసా రాలేదు. తిరిగి వెళ్ళే ఉద్దేశం మీద నమ్మకం కలగలేదని వచ్చింది. ఆ కాగితం ఆయనకు నేనే చదివి వినిపించాను. కోప్పడతాడనుకున్నాను. "నువ్వేం చేస్తావులే, నన్ను చూస్తే అట్లా అనిపించిందేమో వాళ్ళకు," అన్నాడు. సలాం చెప్పి వెళ్ళిపోయాడు. నాకు భయం తీరింది. నిజం చెప్పాలంటే, లోపలెక్కడో సంతోషం కూడా కలిగింది. ఇన్నేళ్ళుగా రాస్తున్న నేను చూడని ఊరిని ఈ మనిషి చూస్తాడా అన్న ఓర్వలేనితనం నాలో ఉండిందా? ఉండింది. మేనేజర్ మీద భయం ఎంతో, ఇదీ అంతే. ఏది ఎక్కువో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆరు నెలలకు మళ్ళీ వచ్చాడు. ఈసారి చెన్నైకి ఒకవైపు టికెట్ కోసం. కువైట్ వీసా రద్దు చేసుకుని ఇంటికి వెళ్ళిపోతున్నాడు. ఏమైందన్నా అని అడిగితే అప్పుడు చెప్పాడు. చక్కెర జబ్బు. కుడి కన్ను అప్పటికే మసక, ఎడమది కూడా పోతోంది. కఫీల్‌కు తెలిస్తే పనిలోంచి తీసేస్తాడని దాచాడట. చిన్న గడియారాలు కనపడక తిప్పి పంపేవాడట. చూపు ఉండగానే ఆ ఒక్కటీ చూద్దామనుకున్నాడట.

నేను టికెట్ ప్రింట్ తీసి ఇచ్చాను. తేదీ చదివి వినిపించాను. ఇంకేమీ చెప్పలేదు. ఆఫీసులో ఆ సమయంలో మేమిద్దరమే ఉన్నాం. చెప్పడానికి అడ్డమేదీ లేదు.

ఈ ఏడాది మా ఆఫీసు నన్ను ఒక బృందంతో ప్రాగ్ పంపింది. నా వీసా ఉత్తరం నేనే రాసుకున్నాను. అందులో అనవసరమైన వాక్యం ఒక్కటీ లేదు. ఆ కూడలిలో జనం మధ్య నిలబడ్డాను. గంట కొట్టింది. అస్థిపంజరం బొమ్మ తాడు లాగింది. పై కిటికీల్లో బొమ్మలు ఒక్కొక్కటిగా వచ్చి పోయాయి. చివర్లో బంగారు కోడి కూసింది. నిమిషం కూడా పట్టలేదు. అందరూ ఫోన్లు దించుకుని కాఫీ కొట్ల వైపు వెళ్ళిపోయారు. నేను తీసిన వీడియోను ఆయన పాత నంబరుకు పంపాను. ఎందుకు పంపానో నాకే తెలియదు. మంచిదాన్ని అనిపించుకోవాలనా?

మరునాడు ఆయన కూతురు గొంతుతో జవాబు వచ్చింది. "అక్కా, మా అబ్బాకు చూపు పూర్తిగా పొయ్యింది. శబ్దం మాత్రం నాలుగుసార్లు పెట్టించుకుని విన్న్యాడు." వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. "అమ్మా, నువ్వన్నా పోయినావు, సంతోషం. ఆ పొద్దు నాకోసరం ఎంత కష్టపడి రాసినావో."

జవాబు రాయడానికి కూర్చున్నాను. ఆ వాక్యం సంగతి రాసి చెరిపేశాను. ఆయనకు చదివి వినిపించాల్సింది ఆ కూతురే. ఇది నిజమైన కారణమో, మరో సాకో, మీరే అనుకోండి. నా కారణాలను నేనే నమ్మడం మానేశాను.

ఆయన ఎక్కడికీ పారిపోవాలనుకోలేదు. చూడాలనుకున్నాడు, అంతే. మనలాంటి వాడు ఊరికే చూడ్డానికి వెళ్తాడంటే నేనే నమ్మలేదు. నమ్మనిది ఆ అధికారులు కాదు. వాళ్ళకు ఆ అనుమానం అందించింది నేను.

క్షమించమని అడగను. అది ఇవ్వాల్సింది మీరు కాదు. ఇది చెప్పాల్సిన చోట చెప్పలేదని కూడా తెలుసు. అయినా ఈ మాట మొదటిసారి నాలోంచి బయటికి వచ్చింది. ఇదంతా రాసి మళ్ళీ మొదటి నుంచి చదివాను. దీంట్లో ఒక్క మాట కూడా మార్చలేదు.